నర్సరీలో శ్రమదానము – తోటపనికి తొలిపాఠము

మొక్కను నాటుట ఒకనాటి పని. దానిని నాటదగినదిగా పెంచుట కొన్ని నెలల పని. 1950లో కేంద్ర మంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ఆరంభించిన నాటినుండి వానకాలమున మొక్కలు నాటుచునే యున్నాము. అయినను వేసవి వచ్చుసరికి పెక్కు చోట్ల గోతులు మిగులుచున్నవి గాని మొక్కలు మిగులుట లేదు. తెలంగాణ రాష్ట్రమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నర్సరీ పెంపకమును గ్రామపంచాయతీ విధులలో చేర్చి, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని నిర్దేశించినది. ఆ లెక్క కాగితము మీదనే గాక నేలమీదను నిజము కావలెనన్నచో, మొక్క మర్మమెరిగినవారు ప్రతి ఊర నలుగురైనను ఉండవలెను. అట్టివారిని తయారుచేయు బడి మన ఊరి నర్సరీయే.

తోటపని బొత్తిగా తెలియని యువకుడో, గృహిణియో, విశ్రాంత ఉపాధ్యాయుడో వారమునకొక పూట వచ్చి పనిచేయుదుమన్నచో సభ్యులు సంతోషముతో ఆహ్వానింపవలెను. వారికి ఏ వరుసన పని నేర్పవలెనో చూతము.

మొదటి పాఠము మట్టి. జల్లెడపట్టిన ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి సంచులు నింపవలెను. చివుకని ఎరువు వేడి పుట్టించి లేతవేళ్లను మాడ్చును, చెదలను రప్పించును. సంచికి రంధ్రములు లేనిచో నీరు నిలిచి వేరు కుళ్లును. వదులుగా నింపిన సంచి నీరు పోయగనే కుంగి మడతపడును. కావున నేలమీద తట్టుచు నింపవలెను.

రెండవ పాఠము విత్తనము. వేపగింజకు మొలకెత్తు శక్తి కొద్ది వారములే యుండును. పండిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టి ఆలస్యము చేయక విత్తవలెను. మరుసటి ఏటికని దాచుట వృథా. చింతగింజ అట్లు కాదు. దాని పెంకు గట్టిది గనుక నెలల తరబడి నిలువయుండును. అయితే విత్తుటకు ముందు ఒకదినము నీట నానవేయుట మేలు. ఏ గింజనైనను దాని మందమునకు రెండు మూడు రెట్ల లోతునకు మించి పూడ్చరాదు.

మూడవ పాఠము నీరు. క్రొత్తవారు మొక్కమీది ప్రేమచేతనే దానిని చంపుదురు. తడి ఎక్కువై, గాలి ఆడనిచో లేత మొలక మొదలు మెత్తబడి నేలకొరగును. దీనినే నారుకుళ్లు తెగులందురు. వాలిన మొలకను చూచి, అది నీటికొరకు వాడినదని తలచి మరింత నీరు పోసినచో తెగులు మడియంతయు ప్రాకును. ముందుగా వ్రేలితో మట్టిని తాకి, తడి ఆరినదని తెలిసిన పిమ్మటనే సన్నని చిల్లులుగల డబ్బాతో ఉదయపువేళ జల్లవలెను.

నాలుగవ పాఠము ఎండ. నీడవల పందిరి క్రింద మొక్క సుఖముగ పెరుగును. కాని అది నాటబడు చోట పందిరి యుండదు. అందుచేత నాటుటకు కొన్ని వారముల ముందునుండియే ఎండకు అలవాటు చేయుచు, నీరు క్రమముగా తగ్గింపవలెను. సంచిని దాటి నేలలోనికి దిగిన వేళ్లను అప్పుడప్పుడు సంచి కదిపి కత్తిరించుచుండవలెను. ఈ పని మానినచో, నాటుటకు సంచి ఎత్తిననాడు తల్లివేరు తెగును. అట్టి మొక్క బండిలో పచ్చగనే యుండి, గోతిలో ఎండిపోవును. నాటిన చోట నీరు లేక చచ్చినదని మనమనుకొను మొక్కలలో కొన్ని నిజమునకు నర్సరీలోనే చెడినవి.

పంచాయతీ సభ్యులు మూడు విషయములు గమనింపవలెను. శ్రమదానమునకు వచ్చినవారివలన కూలికి వచ్చువారి పనిదినములు తగ్గరాదు. వీరు నేర్చుకొనువారే గాని కూలీలకు బదులు కారు. రెండవది, ఒక్కొక్కరికి నూరు సంచులు అప్పగించి, విత్తిననాడు, మొలచిననాడు, చచ్చినవి ఎన్నో, ఏల చచ్చినవో పుస్తకమున వ్రాయింపవలెను. మూడవది, నాటిన పిమ్మట వేసవిలో వారిచేతనే బ్రతికినవానిని లెక్కింపవలెను. చేతులార పెంచినవానికి ఏ మొక్క ఏల పోయినదో తెలియును గనుక, మరుసటి ఏటికి దిద్దుకొనదగిన లోపమును అతడే చూపగలడు.

ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపింపుడు. వేయి మొక్కలలో 850 బ్రతికినచో ఊరికి గర్వకారణము. అంతకు తగ్గినచో దాచవలసినది లేదు. ఏ పాఠము తప్పినదో వెదుకవలసి యున్నది. ఈ ఏట నేర్చినవారు మరుసటి ఏట ఇరువురికి నేర్పినచో, ఊరి చెట్టు ఒక ఉద్యోగి రాకపోకల మీద ఆధారపడక, ఊరివారి చేతిమీదనే పెరుగును.