ఇడుపులపాయకు పోవు మనుమరాలికి

చిప్పగిరి



తల్లీ, పదవ తరగతిలో నీవు తెచ్చుకొన్న మార్కులకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు దొరికినదని మీ నాయన ఫోనులో చెప్పినది మొదలుకొని నా మనస్సు నిండిపోయినది. గ్రామములలో చదివిన తెలివిగల పిల్లలకు గొప్ప సాంకేతిక విద్య అందవలెనను సంకల్పముతో 2008వ సంవత్సరమున బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో వెలసిన విద్యాలయమది. అచ్చట పి.యు.సి. రెండేండ్లును, ఇంజనీరింగు నాలుగేండ్లును కలిసి ఆరేండ్ల చదువు గనుక, బాల్యము వదలీ వదలని వయస్సులో ఇల్లు విడిచిన పిల్ల, పట్టా చేతబట్టుకొని వచ్చునాటికి నిండు యువతి యగును.

అట్టి దీర్ఘవాసమునకు ఏమేమి కట్టుకొని పోవలయునని నీవు నన్నడిగితివి. ఆదోనిలో కొనవలసిన సామానుల పట్టీని మీ అమ్మ ఇదివరకే నాకు పంపినది. పట్టీ బాగుగనే యున్నది. అయితే బడిలో తెలుగు చెప్పుచు ఎందరో పిల్లలను హాస్టళ్లకు సాగనంపిన దానను గనుక, ఆ పట్టీకి ముందుగా ఒక్క నియమమును చేర్చదలచితిని. ఏ వస్తువును వాడుకొనుట, కాపాడుకొనుట నీకు చేతనగునో దానినే పెట్టెలో పెట్టుకొనుము. చేతగానిది అత్యవసరమైనచో, బయలుదేరులోపల ఆ పని నేర్చుకొని పిమ్మట పెట్టుకొనుము. సబ్బు కొనుట సులభము. ఉతుకుట నేర్వనిచో ఆ సబ్బు ఎంత మంచిదైనను నీకు అక్కరకు రాదు. హాస్టలులో పిల్లలు కష్టపడునది వస్తువులు లేక కాదు, ఉన్న వస్తువులతో ఏమి చేయవలెనో తెలియక.

మొదట పెట్టె సంగతి. మన ఊరినుండి గుంతకల్లుకు బస్సు, అచ్చటినుండి యర్రగుంట్లకు రైలు, మరల వేంపల్లె మీదుగా ఇడుపులపాయకు బస్సు: ఇన్ని ఎక్కుటలు, ఇన్ని దిగుటలు ఉన్న ప్రయాణమిది. ఈ పర్యాయము మీ నాయన వెంట వచ్చి మోయును. సెలవులకు తిరిగివచ్చునాడు మాత్రము నీవే మోయవలసియుండును. కావున ఒక పెట్టెయు, భుజమునకు తగిలించుకొను సంచియొకటియు చాలును. పెట్టెకు గట్టి బీగము కొని, దాని బీగపుచెవులలో ఒకటి ఎల్లప్పుడు నీ ఒంటిపైననే యుండునట్లు దారమునకు కట్టుకొనుము. రెండవదానిని సంచి లోపలి అరలో పిన్నీసుతో గ్రుచ్చి ఉంచుము. ఈ అలవాటును నేటినుండియే ఇంట అభ్యసింపుము. పెట్టె తీసిన ప్రతిసారియు వేయుట, వేసిన ప్రతిసారియు లాగి చూచుట చేతికి వచ్చినచో కొత్తచోట కలవరము సగము తగ్గును.

పిమ్మట కాగితములు. టి.సి., పదవ తరగతి మార్కుల పత్రము, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకము, పాస్‌పోర్టు సైజు ఫొటోలు అన్నింటిని తడి తగులని కవరులో వరుసగా పెట్టి, జిరాక్సు ప్రతులను వేరొక కవరులో ఉంచుకొనుము. ఇంతవరకు మీ నాయనయే చేయగలడు. నీవు నేర్వవలసినది వేరు: ఏ కాగితము దేనికొరకో ఒక్కొక్కదానిని చదివి తెలిసికొనుము. అడిగినదానినే ఈయుము, అసలు ప్రతి ఇచ్చినచో రసీదు పుచ్చుకొనుము, సంతకము చేయుటకు ముందు పై నుండి క్రిందివరకు చదువుము. కౌంటరు ముందర నిలువబడి కవరంతయు కుమ్మరించు పిల్లవు నీవు కారాదు.

పడకకు ఎమ్మిగనూరు దుప్పట్లు రెండు పంపుచున్నాను. 1938లో మాచాని సోమప్పగారు అచ్చటి నేతపనివారిని సహకార సంఘముగా కూర్చిన నాటినుండి ఆ ఊరి దుప్పట్లు, తువాళ్లు ఎంతదూరమో పోయినవి. ఆ సేవకే ప్రభుత్వము 1954లో ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. అవి ఒక మనిషి మగ్గము ముందు కూర్చుండి కాలు, చేయి, కన్ను ఏకముచేసి నేసిన బట్టలు. ఆ బట్టలకు తగిన మన్నన నీవు చూపవలెను. మొదటి ఉతుకు విడిగా, చన్నీట కానిమ్ము. రంగు వదలునో వదలదో అప్పుడే తెలియును. ఒకటి పరచుకొన్నప్పుడు రెండవది ఉతికి, మడిచి, పెట్టెలో ఉండవలెను. బట్టలు ఎక్కువ వలదు. వారమునకు సరిపడినచో చాలును. కాని ఈ ఆదివారమునుండి నీ బట్టలు నీవే ఉతుకుకొనుము. మెడపట్టీకి, చేతుల అంచులకు ముందుగా సబ్బు రాచి కొంతసేపు నాననిచ్చి, తరువాత తక్కినది తడుపవలెను. నురుగు పోవువరకు జాడింపవలెను. పిండిన బట్టను గట్టిగా విదిలించి ఆరవేసినచో ముడుతలు పడవు. ఆరవేయుటకు నైలాను త్రాడు, క్లిప్పులు మరువకుము.

సూది, తెలుపు నలుపు దారములు, నాలుగైదు గుండీలు ఒక చిన్న డబ్బాలో పెట్టి పంపుదును. గుండీ కుట్టునపుడు దానిని గుడ్డకు అదిమిపట్టి కుట్టరాదు. గుండీకిని గుడ్డకును నడుమ ఒక అగ్గిపుల్ల పెట్టి, దాని మీదుగా రంధ్రములలో దారము పోనిచ్చి, పిమ్మట పుల్ల తీసివేసి, వదులైన దారము చుట్టును నాలుగు చుట్లు త్రిప్పి ముడివేయవలెను. అప్పుడు గుండీకి చిన్న కాడ ఏర్పడి, కాజాలో సుఖముగా ఇమిడి, చిరకాలము నిలుచును. ఇచ్చటికి వచ్చినపుడు తాత పాత చొక్కా మీద నా యెదుట కుట్టి చూపుము.

మందుల పెట్టె చిన్నదిగా నుండనిమ్ము. ఓ.ఆర్.ఎస్. పొట్లములు నాలుగు చాలును. పెద్ద పొట్లమును ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో సంపూర్ణముగా కలిపి, ఆ దినమే త్రాగి, మిగిలినది మరునాడు పారబోయవలెను. గ్లాసెడు నీటిలో సగము పొట్లము వేసి త్రాగుట హానికరము. జ్వరము వచ్చినచో దాచుకొనక వార్డెనుతో చెప్పి వైద్యునికి చూపుకొనుము. పక్కమంచము పిల్ల మిగిల్చిన మాత్రలు ఎన్నడును మ్రింగకుము. నెలసరికి వలయునవి మూడు నెలలకు సరిపడ తీసికొనుము. తేదీలు డైరీలో గుర్తుపెట్టుకొనుము. నొప్పి భరింపరానిదైనచో సిగ్గుపడి తరగతిలో కూర్చుండక సెలవడుగుము. ఇందు దాపరికమునకు తగినది ఏదియు లేదు.

తినుబండారముల విషయమున మీ అమ్మ మనస్సు నాకు తెలియును, బస్తాలకొలది కట్టును. బుడ్డల పొడి, గురెళ్ల కారము ఒక్కొక్క సీసా, బాగుగా ఎండిన జొన్నరొట్టెలు కొన్ని చాలును. పొడిలో తడిచెంచా పెట్టకుము. మూత బిగించి, చీమలకందని చోట ఉంచుము. మెస్సులో పెట్టినది మొదటి దినమునుండియే తినుట అలవరచుకొనుము. ఉదయమున ఉగ్గాని లేదని దిగులు పడకుము. వేలకొలది పిల్లలకు ఒకేచోట వండు అన్నములో మన ఇంటి రుచి వెదకరాదు, ఆకలికి తగిన బలము వెదకవలెను.

ఇంతకాలము తెలుగులో ఆలోచించిన పిల్లవు. ఇక గణితము, భౌతికశాస్త్రము ఇంగ్లీషులో వినవలెను. కావున నా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు నీకిచ్చుచున్నాను. నీవు పోవుచున్న కడపసీమలోనే ఆంగ్లేయుడైన సి.పి. బ్రౌనుగారు సొంత సొమ్ముతో బంగళా కొని, పండితులను చేర్చుకొని, తెలుగు తాళపత్రములను సేకరించి శుద్ధప్రతులు వ్రాయించిరి. పరభాష తనకు లొంగునంతవరకు పట్టువిడువని మనిషి ఆయన. తెలియని మాట తగిలినప్పుడెల్ల గుర్తుపెట్టుకొని, రాత్రి నిదురపోవులోపల నిఘంటువు తీసి చూచి, నోటుపుస్తకమున వాక్యముతో సహా వ్రాసికొనుము. మొదటి నెలలలో తరగతిలో చెప్పినది సగము కూడ తెలియకపోవచ్చును. అది నీ తెలివికి లోపము కాదు, చెవికి అలవాటు చాలకపోవుట. అది తప్పక తీరును.

బంగారు కమ్మలు ఇంట విడిచి పొమ్ము. ఫోను, ల్యాప్‌టాపుల సంగతి విద్యాలయపు నియమములు తెలిసికొనిన పిమ్మట ఆలోచింతము. ముందే కొని తీసికొనిపోవలదు. డబ్బు కొద్దిగా ఉంచుకొని, ఖర్చుపెట్టిన ప్రతి రూపాయియు ఆ రాత్రియే వ్రాయుము.

శ్రీకాకుళము మొదలు హిందూపురము వరకు అన్ని చోట్ల పిల్లలు నీ గదిలోనికి రావచ్చును. వారి మాట వేరుగ నుండును, కూరలో కారము వేరుగ నుండును, పండుగ చేయు తీరు వేరుగ నుండును. వారిలో ఏ పిల్లకైనను పెట్టె సర్దిపెట్టువారు ఇంట ఉండకపోవచ్చును. ఆమెకు మగ్గు లేదేని నీ మగ్గు ఇమ్ము. గుండీ ఊడినచో కుట్టి చూపి, తరువాతిది ఆమెచేత కుట్టింపుము. వస్తువు ఒకరికే పనికివచ్చును. నేర్చినపని గదిలోని వారందరికి పనికివచ్చును.

మన ఊరిలో నీవు చూచుచునే పెరిగిన, హరిదాసులైన విజయదాసులవారి సన్నిధిని ఒకసారి తలచుకొనుము. 1755లో ఇచ్చటనే దేహము చాలించిన ఆ మహానుభావుని ఆరాధన ఏటేట కార్తీక శుద్ధ దశమినాడు జరుగును. హరిదాసులకు ఆస్తియనగా తంబుర, తాళములు, కాలి గజ్జెలు. అంతకు మించి మోసికొని తిరిగినవారు కారు. అయినను ఆ కొద్ది వస్తువులు వారి చేతికి పూర్తిగా లొంగియుండినవి గనుకనే, శ్రుతి కలిపిన ఆ తంబురతో ఊరూర పాడి, ఇన్ని తరముల ప్రజల నోట నిలిచిరి. నీ పెట్టెయు ఆ తీరుననే యుండవలెనని నా కోరిక: కొద్దిగా ఉండవలెను, ఉన్నదంతయు నీ చేతికి లొంగియుండవలెను.

కావున మిగిలిన దినములలో పూటకొక పని నేర్చుకొనుచు రమ్ము. బయలుదేరుటకు ముందటి సాయంకాలము పెట్టెను నీవే సర్దుకొనుము. మీ అమ్మ సర్దిన పెట్టెలో ఏది యెచ్చట నున్నదో మీ అమ్మకే తెలియును గాని, చీకటిలో కరెంటు పోయినప్పుడు టార్చి వెదకవలసినది నీవు. సర్దిన పిదప మూతవేసి, బీగము లాగి చూచి, పెట్టెను నీవే ఎత్తుకొని వీధి చివరవరకు నడచి రమ్ము. చేయి నొచ్చినచో తిరిగివచ్చి పెట్టె తెరచి, ఏది లేకున్నను జరుగునో అది తీసివేయుము. నడచి రాగలిగితివా, ఇక నిర్భయముగా బయలుదేరుము. చేరిన వారమునకు, ఏ పని కష్టమైనదో ఏది సులువైనదో వివరముగా ఉత్తరము వ్రాయుము. ఆయురారోగ్యములతో, విద్యాభివృద్ధితో వర్ధిల్లుము.

ఇట్లు
నీ మేలు కోరు
అవ్వ