రిజైన్ చేయమన్నప్పుడు

"ఇప్పటికి రిజైన్ చేసేయమ్మా, బిడ్డ కాస్త పెద్దయ్యాక ఎప్పుడొచ్చినా తీసుకుంటాం." ప్రైవేటు స్కూళ్లలో, నర్సింగ్ హోముల్లో, బట్టల షోరూముల్లో ఈ మాట కసిరినట్టు చెప్పరు, చనువుగా చెబుతారు. అందుకే చాలామంది సంతకం పెట్టేస్తారు. ఆ సంతకంతో ఆరు నెలల జీతం చేజారిపోతుంది.

రాజీనామా అడిగితే సెలవు చీటీ ఇవ్వండి. పెద్ద ఇంగ్లీషేమీ అక్కర్లేదు. "నేను గర్భవతిని. డాక్టరు చెప్పిన కాన్పు తేదీ ఆగస్టు 20. జూలై 1 నుంచి ప్రసూతి సెలవులో ఉంటాను. ఆ కాలంలో మరెక్కడా పనిచేయను. నా జీతం నా ఖాతాలో వేయగలరు. నా తరఫున తీసుకోవడానికి మా అమ్మను నామినీగా పెడుతున్నాను." ఇంతే. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టడానికి ఒప్పుకోకపోతే ఈమెయిల్ పంపండి, లేదా రిజిస్టర్డ్ పోస్టు చేయండి. నోటితో చెప్పి ఊరుకోవద్దు. రేపు తగాదా వస్తే మీ చేతిలో ఉండేది ఆ కాగితమే.

ఏడాది సర్వీసు నిండితేనే సెలవు అన్నది ఆఫీసుల్లో పుట్టిన మాట. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 1961 నాటి చట్టంలో ఉన్న ఈ హక్కులు 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే దుకాణానికీ ఇది వర్తిస్తుంది. మొదటి రెండు కాన్పులకు 26 వారాలు, అందులో కాన్పుకు ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. ఇద్దరు పిల్లలున్నాక 12 వారాలే. గర్భస్రావమైతే 6 వారాలు. ఈ సంగతి మాత్రం ఏ ఆఫీసూ తనంతట తాను చెప్పదు.

డబ్బు విషయం. సెలవుకు ముందు మూడు నెలల సగటు రోజు జీతం చొప్పున లెక్కకడతారు. ఆదివారాలు తీసేస్తామంటే ఒప్పుకోకండి. తమిళనాడు తోటల్లో పనిచేసిన ఒక కార్మికురాలి కేసులో 1977లోనే సుప్రీంకోర్టు వారానికి ఏడు రోజులూ లెక్కలోకి వస్తాయంది. కాన్పుకు ముందు కాలానికి రావలసింది ముందుగానే చెల్లించాలి. మిగతాది, బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చాక 48 గంటల్లో. జీతం 21 వేల లోపై ఈఎస్‌ఐ కడుతుంటే ఆ డబ్బు ఈఎస్‌ఐ నుంచే వస్తుంది. అక్కడ అర్హతకు ముందటి రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో 70 రోజుల చందా ఉండాలి. స్లిప్పులో కోత పడుతున్నా మీ పేరున నిజంగా జమవుతోందో లేదో ఐదో నెలలోనే చూసుకోండి, తొమ్మిదో నెలలో తిరగడం కష్టం.

కాంట్రాక్టు ఉద్యోగులకు ఇంకో బెదిరింపు ఉంటుంది: "మీ కాంట్రాక్టు జూన్‌తో సరి, తర్వాతి సెలవుతో మాకు సంబంధం లేదు." ఢిల్లీ డాక్టరు కవితా యాదవ్ కేసులో 2023లో సుప్రీంకోర్టు దీన్ని తోసిపుచ్చింది. అర్హత ఉంటే కాంట్రాక్టు గడువు దాటాక కూడా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందే.

సెలవులో ఉండగా తీసేయడం, తిరిగొచ్చేసరికి జీతమో హోదానో తగ్గించడం చట్టవిరుద్ధం. అలా జరిగితే ఉత్తర్వు అందిన 60 రోజుల్లో కార్మిక శాఖలోని అధికారికి అప్పీలు చేయాలి. బంధువులతో రాజీ మాటలు నడుస్తున్నాయని ఈ గడువు దాటనీయకండి. కాన్పుకు సుమారు పది వారాల ముందు నుంచి బరువు పనులు, గంటల తరబడి నిలబడే పనులు వద్దని అడిగే హక్కు కూడా ఉంది. షోరూము అమ్మాయిలకు ఇది తప్పకుండా పనికొస్తుంది, అయితే అడగాలి.

తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజూ రెండు విరామాలు అదనం. 50 మంది, ఆపైన ఉన్నచోట క్రెష్ ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. సెలవు చీటీ ఇచ్చేరోజునే క్రెష్ ఎక్కడుందో కూడా అడిగేయండి.