మేనరికము, రక్త పరీక్ష, మన పిల్లల పెండ్లిండ్లు



ఈ నెల పాఠమునకు తీసికొన్న విషయము కొందరికి క్రొత్తగా తోచవచ్చు. ఒకప్పుడు మహానగరాలలో మాత్రమే దొరికిన జన్యు పరీక్షలు ఇప్పుడు చిన్న పట్టణాల ల్యాబుల వరకు వచ్చాయి. అక్కడ రక్తము తీసి పెద్ద ల్యాబుకు పంపి, కొన్ని దినములలో రిపోర్టు తెప్పిస్తున్నారు. ఉమ్మి సీసాలో పట్టి పోస్టులో పంపితే రాబోయే జబ్బులన్నీ చెప్పెదమనే ప్రకటనలు కూడ చూస్తున్నాము. అట్టి ప్రకటనల మాట అటుంచి, మనవంటి కుటుంబాలకు నిజముగా పనికివచ్చే ఒక్క పరీక్షను గూర్చి నేర్చుకొందాము.

నాకు తెలిసిన ఒక కుటుంబములో చెల్లెలు తన కుమారునికి అన్నగారి కుమార్తెను అడిగింది. అందరికీ ఇష్టమే. అన్నగారు మాత్రము, "ముందు పిల్లలిద్దరికీ రక్త పరీక్ష చేయిద్దామమ్మా" అన్నాడు. ఆమె నొచ్చుకొన్నది. "పరాయి సంబంధమా అన్నయ్యా? మన రక్తమే కదా!" అన్నది. "మన రక్తమే గనుకనే అడుగుతున్నాను" అని ఆయన జవాబు. ఆ ఇంట్లో రెండు నెలలు మాటలు లేవు.

ఆమె బాధ మనకు అర్థము కానిది కాదు. యాకోబు సైతము మేనమామ లాబాను కుమార్తెలనే చేసికొన్నాడని మన పెద్దలు చెప్పుకొనేవారు. పైగా తెలుగు దేశము విడిచి తరాల క్రితము ఈ రాష్ట్రాలకు వచ్చిన మనకు, తెలిసిన తెలుగు కుటుంబాలు కొద్ది. పిల్లను ఇచ్చుకొన్నా పుచ్చుకొన్నా ఆ పది ఇండ్లలోనే. తమిళనాడు, కర్నాటక, ఆంధ్ర రాష్ట్రాలలో నేటికీ రమారమి నలుగురు వివాహిత స్త్రీలలో ఒకరు బంధువులలోనే పెండ్లాడినవారని ప్రభుత్వ సర్వేలు చెప్పుచున్నవి.

ఇక అన్నగారి భయమేమిటో చూడండి. ప్రతి జన్యువు మనలో జతగా ఉంటుంది: ఒకటి తండ్రినుండి, ఒకటి తల్లినుండి. తలసీమియా అను వ్యాధిలో, జతలో ఒకటి మాత్రమే చెడినదైతే ఆ మనిషి ఆరోగ్యముగానే ఉంటాడు. అట్టివారిని క్యారియర్ అంటారు. కొంచెము రక్తము తక్కువ అని చెప్పి ఏండ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగించబడినవారిలో కొందరు వీరే. ఇద్దరు క్యారియర్లు పెండ్లాడితే ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు బిడ్డకు వ్యాధి రావచ్చును. ఇక్కడ మనవారు తరచు పొరబడతారు. "మొదటి బిడ్డకు వచ్చింది గనుక ఇక ముగ్గురికి రాదు" అనుకొంటారు. కాదు. ప్రతి కాన్పుకు లెక్క మళ్లీ మొదటినుండే.

వ్యాధితో పుట్టిన బిడ్డ మొదట చక్కగానే ఉంటుంది. ఆరు నెలలనుండి రెండేండ్లలోగా పాలిపోవడము మొదలవుతుంది. అప్పటినుండి రెండు మూడు వారాలకొకసారి, జీవితాంతము, రక్తము ఎక్కించాలి. ఎక్కించిన రక్తములోని ఇనుము గుండెలో, కాలేయములో పేరుకుంటే దానిని తీయుటకు వేరే మందులు. ఎముక మూలుగ మార్పిడి ఉన్నది. మన దేశములో తలసీమియాకు మొదటిసారిగా 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేశారు. కాని సరిపడే దాత, డబ్బు రెండూ కుదరాలి.

ఒడిస్సా పశ్చిమ జిల్లాలలోను, మహారాష్ట్ర గడ్చిరోలి ప్రాంతములోను ఉన్న మనవారు సికిల్ సెల్ పేరు వినే ఉంటారు. ఇందులో ఎర్రకణము కొడవలివలె వంగి, ఒంటినిండా భరించలేని నొప్పులు తెస్తుంది. మన దేశములో దీనిని మొదట 1952లో నీలగిరి కొండలలో గుర్తించారు. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వము 17 రాష్ట్రాలలో 7 కోట్ల మందిని పరీక్షించే పథకము ప్రారంభించింది. ఇంకొక సంగతి: ఒకరు సికిల్ క్యారియర్, మరొకరు తలసీమియా క్యారియర్ అయినా బిడ్డకు కష్టమే. గనుక రెండింటికీ పరీక్ష కావాలి.

మేనరికము లేకపోతే భయము లేదనుకొనకూడదు. పరాయివారిలోను క్యారియర్లు ఉన్నారు. అయితే మేనత్త, మేనమామ పిల్లలలో ఎనిమిదింట ఒక వంతు, మేనమామ–మేనకోడలులో నాలుగింట ఒక వంతు జన్యువులు ఒకే మూలమునుండి వచ్చినవి. గనుక ఒకే లోపము ఇద్దరిలోను ఉండే అవకాశము హెచ్చు. తలసీమియా మాత్రమే గాక, పరీక్షకు దొరకని అరుదైన వ్యాధులకు కూడ ఇదే లెక్క.

ఈ విషయములో సంఘాలు ఏమి చేయగలవు? సైప్రస్ ద్వీపములో తలసీమియా ఎంతో ఎక్కువ. అక్కడి ఆర్థడాక్సు సంఘము 1983నుండి, పరీక్ష చేయించుకొన్న సర్టిఫికెట్టు లేనిదే వివాహము జరిపించలేదు. అయితే ఆ కాగితములో ఫలితము ఉండదు. పరీక్ష జరిగినది, సలహా చెప్పబడినది అని మాత్రమే ఉంటుంది. నిర్ణయము ఆ ఇద్దరిదే. అయినా వ్యాధితో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. దీనికి భిన్నముగా గ్రీసు దేశములో ఓర్ఖొమెనోస్ అను ఊరిలో 1970ల కాలములో సికిల్ పరీక్షలు చేసి ఎవరి ఫలితము వారికి చెప్పారు. క్యారియర్లకు సంబంధాలు రావడము కష్టమైంది. కొందరు దాచి పెండ్లి చేసికొన్నారు. పరీక్ష చేసిన ప్రయోజనము నెరవేరలేదు.

ఓర్ఖొమెనోస్‌లో జరిగినది మన కాలనీలలో ఇంకా సులువుగా జరుగుతుంది. ఆదివారము ఆరాధన ముగిసేలోగా ఒక ఆడపిల్ల రిపోర్టు పది ఇండ్లకు చేరుతుంది. అబ్బాయి రిపోర్టు ఎవరూ అడుగరు. గనుక పెద్దలు ఫలితము అడుగకపోవడమే మేలని నా అభిప్రాయము.

గర్భము వచ్చిన తరువాత కూడ, పది పన్నెండు వారాలకు పరీక్ష చేసే వీలున్నది. (1994 చట్టము ప్రకారము బిడ్డ ఆడో మగో చెప్పుట మాత్రము నేరము.) కాని బిడ్డకు వ్యాధి ఉన్నదని అప్పుడు తెలిస్తే ఆ తలిదండ్రులు నిలబడే చోటు ఎంత కఠినమైనదో ఆలోచించండి. పెండ్లి మాటలు అనుకొనకముందే తెలిసికొంటే ఆ స్థితి రానే రాదు.

పరీక్షకు వెళ్లినప్పుడు సి.బి.సి.తో పాటు హెచ్.పి.ఎల్.సి. అని అడగండి. ఒంట్లో ఐరన్ బాగా తక్కువైతే తలసీమియా లక్షణము మరుగుపడవచ్చు. ఇటీవల రక్తము ఎక్కించుకొన్నా ఫలితము తప్పవచ్చు. ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. అనుమానము మిగిలితే అప్పుడే డి.ఎన్.ఏ. పరీక్ష. వేలూరులోను, హైదరాబాదు నిమ్స్‌లోను, సి.డి.ఎఫ్.డి.లోను ఆ సదుపాయము ఉన్నది.

మొదట చెప్పిన కుటుంబములో చివరకు ఇద్దరూ వెళ్లారు. పిల్ల తలసీమియా క్యారియర్ అని, అబ్బాయి కాడని తేలింది. పెండ్లి జరిగి ఇద్దరు పిల్లలు. అక్క క్యారియర్ గనుక చెల్లెలు కూడ అయ్యే అవకాశము కనీసము సగము. ఆ చెల్లెలికి ఈ ఏడు సంబంధాలు చూస్తున్నారు. పరీక్ష ఇంకా చేయించలేదు.