గాజు తొట్టిలో మంచినీటి రొయ్యలు

కొంతకాలము క్రిందట ఒక గ్రామ పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శన జరిగినది. అందొక గాజు తొట్టిలో ఇరువది చిన్న రొయ్యలను ఉంచితిమి. పిల్లలు గుంపులుగా వచ్చి చూచి సంతోషించిరి. మరునాటి ఉదయమునకు ఒక్కటియు బ్రతికి యుండలేదు. మేత చాలలేదని ఒకరు, దిష్టి తగిలినదని మరియొకరు అనిరి. నిజమునకు అప్పుడే బ్లీచింగు పొడి కలిపిన మంచినీటి ట్యాంకు నుండి నీటిని పట్టి తిన్నగా తొట్టిలో పోయించితిమి. ఆ తప్పు ఈ వ్యాస రచయితదే.

పంచాయతీ సభ్యులకు ఈ ముచ్చట యేల అని అడుగవచ్చును. గ్రామ చెరువు అడుగున జరుగునది మన కంటికి కానరాదు. అదియే గాజు తొట్టిలో జరిగినచో బడిపిల్లవాడు కూడ చూడగలడు. తొట్టి చెరువునకు చిన్న నమూనా. దానిని పాఠశాలలోనో, ఇంటి వసారాలోనో నిలిపి చక్కగా నడుపుటకు తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు.

ఎట్టి రొయ్యలు తగును?

చెరువులలో పెంచు నీలకంఠ రొయ్య చిన్న తొట్టికి తగదు. అది జానెడును మించి పెరుగును. మెత్తబడిన తోటి రొయ్యలను తినివేయును. పైగా దాని పిల్లలకు తొలిదశలో ఉప్పు కలిసిన నీరు కావలెను. ఈ సంగతిని 1960 దశకపు ఆరంభమున మలయా దేశమున షావో-వెన్ లింగ్ అను శాస్త్రవేత్త కనుగొనెను.

చిన్న తొట్టికి రెండు మూడు సెంటీమీటర్ల పొడవు గల చెర్రీ రొయ్యలు అనుకూలమైనవి. ఇవి చైనా, తైవాను ప్రాంతములవి. పెంపుడు చేపల దుకాణములలో దొరకును. ఒకటి రెండేండ్లు బ్రతుకును. ఆడది ఇరువది ముప్పది గ్రుడ్లను పొట్ట క్రింద మోయుచు తిరుగును. మూడు నాలుగు వారములకు తల్లి రూపముతోనే పిల్లలు వెలువడును. వీనికి ఉప్పునీటి అవసరము లేదు. అయితే పరదేశపు జీవులు గనుక, మిగిలిన వానిని ఎన్నడును చెరువులోనికి గాని కాలువలోనికి గాని వదలరాదు.

తొట్టియు, నీరును

ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి చాలును. పైన రెండంగుళములు విడిచి నింపినచో సుమారు 35 లీటర్ల నీరు పట్టును. పది పదునైదు రొయ్యలకు ఇది సరిపోవును. అడుగున కడిగిన ఇసుకను పరచి, కొంత నీటినాచును నాటవలెను. గాలి పంపునకు స్పాంజి ఫిల్టరును తగిలింపవలెను.

కుళాయి నీటిని వెడల్పైన ప్లాస్టిక్ బకెట్టులో పోసి, ఒక దినమైనను ఆరుబయట ఉంచినచో బ్లీచింగు పొడి వలన చేరిన క్లోరిన్ వెడలిపోవును. బోరు నీటిని కూడ అట్లే నిలువ ఉంచి గాలి తగులనీయవలెను.

నీరు పోసిన నాడే రొయ్యలను వదలరాదు. వాని మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది విషము. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మరికొన్ని నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు వలన హాని స్వల్పము. ఈ సూక్ష్మజీవులు ఇసుకలోను, స్పాంజిలోను స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు రెండు మూడు దినములకొకసారి చిటికెడు మేత మాత్రము వేయుచు, ఖాళీ తొట్టినే నడుపవలెను. ఓర్పులేక తొలివారముననే రొయ్యలను వదలుట వలననే పెక్కు తొట్లు పాడగుచున్నవి.

తరువాత వారమునకొకసారి ఐదు లీటర్ల నీటిని తీసి, నిలువ ఉంచిన నీటిని మెల్లగా చేర్చవలెను. స్పాంజిని కుళాయి క్రింద కడిగినచో సూక్ష్మజీవులు నశించును. తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని పిండవలెను.

మేత, కుబుసము

రొయ్యకు పాచియే ముఖ్యాహారము. బడి ఆవరణలో రాలిన ఎండు బాదమాకును కడిగి వేసినచో, దానిపై పెరుగు సూక్ష్మజీవులను గోకి తినును. ఉడికించిన పాలకూర ముక్కను అప్పుడప్పుడు వేయవచ్చును. రెండు గంటలలో తినక మిగిలిన దానిని తీసివేయవలెను. ఆకలిచే చచ్చు రొయ్యలకంటె అధికమైన మేతచే చచ్చునవే ఎక్కువ.

పెరుగుచున్న రొయ్య పాత పెంకును విడిచివేయును. తొట్టిలో తెల్లని డొల్ల కనిపించినచో రొయ్య చచ్చినదని భ్రమపడరాదు. అందలి సున్నపు పదార్థమును అవి మరల తినును గనుక దానిని తీయరాదు.

విషములు, వేసవి

రొయ్యకు రాగి ప్రబల శత్రువు. మైలుతుత్తము గల చేపల మందులను తొట్టిలో వేయరాదు. రాగి బిందెలో నిలిచిన నీటిని పోయరాదు. రొయ్యయు పురుగుల వలె కీళ్లకాళ్ల జాతిదే. కావున పురుగులను చంపు మందు రొయ్యనూ చంపును. తొట్టి ఉన్న గదిలో దోమల చుట్టను వెలిగింపరాదు. మందు చల్లిన చేతిని నీట ముంచరాదు.

నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే ఇముడును. తొట్టిని ఎండ తగులని చోట ఉంచి, వేసవిలో నీటిపై పంకా గాలి తగులునట్లు చేయవలెను. కరెంటు పోయినప్పుడు చెంబుతో నీటిని ముంచి జానెడెత్తు నుండి మరల పోయుచుండవలెను. రాత్రులందు నాచు కూడ ప్రాణవాయువును పీల్చును. తెల్లవారుజామున రొయ్యలన్నియు నీటిపైకి చేరినచో అది ఊపిరాడని గుర్తు.

చెరువు సంగతి

ఈ మాటలనే చెరువునకు అన్వయించి చూడుడు. తెల్లవారుజామున చెరువులో చేపలు తేలుటకును ఇదియే కారణము. మురుగు కాలువ కలిసిన చోట పుట్టునదియు అమ్మోనియాయే. పురుగు మందు డబ్బాను, స్ప్రేయరును చెరువు గట్టున కడిగినచో నీటిలోని చిన్న జీవులు మొదట నశించును. వానిని తిని బ్రతుకు చేపలకు ఆహారము కరవగును. చెరువును వేలములో పాడుకొన్నవాడు నష్టపడును. మరుసటి యేడు పంచాయతీ ఆదాయమును తగ్గును.

కావున ముందుగా పాఠశాలలో ఒక తొట్టిని నిలుపుడు. నీటి వేడిని, మేతను, మరణములను పిల్లలచే ఒక పుస్తకములో ప్రతిదినము వ్రాయింపుడు. పిమ్మట చెరువులో స్ప్రేయర్లు కడుగరాదని సభలో తీర్మానింపుడు. ఆ తీర్మానమునకు కారణమేమని ఎవరైన అడిగినచో, వారిని ఆ తొట్టి యొద్దకు తీసికొనిపోయి పిల్లలచేతనే చెప్పింపుడు.