కనబడ్డవన్నీ లెక్కకు రావు

బిడ్డా,

కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్ల జాడలు ఎక్కువైతే జాతి పెరిగినట్టే కదా అని అడిగావు. నేనంత తొందరగా ఒప్పుకోను. ఆ ఒడ్డెక్కేది ఎవరో ముందు చూడు. మగ తాబేలు పిల్లగా సముద్రంలోకి దిగిందంటే మళ్లీ ఒడ్డు ముఖం చూడడం చాలా అరుదు. ఆడది కూడా ఎక్కువగా రాత్రిపూట గుడ్లు పెట్టడానికే వస్తుంది. వెనక కాళ్లతో ఇసుక తోడి, వందకు అటూఇటుగా గుడ్లు పెట్టి, గుంత పూడ్చి, ఒళ్లంతా ఊపుతూ ఇసుకను అదిమి వెళ్లిపోతుంది. పొద్దున్నే మనకు దొరికేది ఆ జాడ ఒక్కటే. ఒకే తాబేలు ఒక సీజన్లో రెండుమూడుసార్లు గుడ్లు పెట్టగలదు, ఒక్కోసారి పెట్టకుండానే తిరిగిపోతుంది. మూడు జాడలు చూసి మూడు తాబేళ్లని రాసుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. చచ్చి కొట్టుకొచ్చేవి ఇంకో చిక్కు. 2025 జనవరిలో కాకినాడ తీరంలో పెద్ద సంఖ్యలో కళేబరాలు కనిపించాయి. తాబేలు ఊపిరికి పైకి రావాలి, ట్రాల్ వలలో ఇరుక్కుంటే మునిగి చస్తుంది. అలా చచ్చినవాటిలో ఎన్ని ఒడ్డు చేరతాయన్నది గాలి, నీటివాలు చేతిలో ఉంటుంది. కాబట్టి ఒడ్డున దొరికిన సంఖ్య కనీసపు సంఖ్యే.

మరి లెక్కపెట్టడం దండగా అంటావేమో. కాదు. ఒకే తీరం, ఒకే దూరం, ఒకే వేళ, ఏటేటా నడిస్తే, అసలు సంఖ్య తెలియకపోయినా పెరుగుదల, తరుగుదల తెలుస్తాయి. దానికి ఏమీ కనబడని రోజులనూ రాయాలి. చాలామంది నోటుబుక్కుల్లో అవే ఉండవు! ఇసుకదిబ్బే కదిలిపోతే పోలిక ఎలా కుదురుతుందంటే, ఆ మాట నిజమే. అందుకే తీరం ఎంత కోసుకుపోయిందో, ఎంత పెరిగిందో పక్కనే రాసుకోవాలి.

మన గద్వాల దగ్గర సముద్రం లేదు గానీ చిక్కు ఇదే. కృష్ణలో మెత్తటి డిప్ప ఉండే లీత్ తాబేలు ముక్కుకొన మాత్రమే పైకి పెట్టి ఊపిరి తీసుకోగలదు. జూరాల ప్రాజెక్టు గేట్లెత్తితే గుర్రంగడ్డ దీవి చుట్టూ ఇసుక మునుగుతుంది, సోమశిల వైపు శ్రీశైలం వెనకనీరు తగ్గితే కొత్త ఒడ్డు తేలుతుంది. నీళ్లు తగ్గిన వేసవిలో తాబేళ్లు ఎక్కువ కనబడితే, పెరిగినవి తాబేళ్లో, చూడగలిగిన చోటో ముందు తేల్చుకో. నోటుబుక్కులో ఎంతసేపు చూశావు, ఏ ఒడ్డున, ఆ రోజు గేట్లెన్ని తెరిచారు అన్న గడులు గీసి, ఎన్ని కనబడ్డాయన్నది చివరి గడిలో రాయి.

దీవెనలతో,
తాత