చీపురు పట్టిన పునీతుడు

అక్కల్లారా! "నల్లోడా" అని తోటివాళ్ళు ఏడిపిస్తే మన పిల్లాడు ఏడుస్తూ ఇంటికొస్తాడు. అప్పుడు వాడికి ఏం చెప్తాం? ఈ కథ చెప్పండి.

దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉంది. అక్కడ లీమా పట్నంలో 1579లో మార్టిన్ పుట్టాడు. తండ్రి స్పెయిన్ దేశపు దొర. తల్లి ఆనా నల్లజాతి ఆమె. ఒకప్పుడు బానిస. తండ్రి మొదట్లో తన బిడ్డ అని చెప్పుకోలేదు. తల్లే కష్టపడి పెంచింది.

మార్టిన్ క్షౌరం పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఆ పని చేసేవాళ్ళే గాయాలకు కట్లు కట్టేవారు. మందులూ ఇచ్చేవారు.

15 ఏళ్ళ వయసులో మార్టిన్ క్రైస్తవ మఠానికి వెళ్ళాడు. నల్లవాళ్ళకు అక్కడ సమానంగా చోటు లేదు. నౌకరుగానే ఉండనిచ్చారు. మార్టిన్ గదులు ఊడ్చాడు. రోగుల పుండ్లు కడిగాడు. వచ్చింది బానిసా, దొరా అని చూడలేదు. అందరూ దేవుని బిడ్డలే అని నమ్మాడు. చివరికి 1603లో మఠం వాళ్ళు అతణ్ణి తమ సోదరుడిగా చేర్చుకున్నారు.

1639లో మార్టిన్ చనిపోయాడు. 1962లో 23వ జాన్ పోపు అతణ్ణి పునీతుడిగా ప్రకటించారు. పటాల్లో మార్టిన్ చేతిలో చీపురు ఉంటుంది.

చీపురు పట్టిన చెయ్యి తక్కువది కాదు. పిల్లలకు ఇది చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పండి. మార్టిన్ ఓర్చుకున్నాడు. అంతమాత్రాన రంగు చూసి తక్కువ చెయ్యడం న్యాయం కాదు.

మాట్లాడుకుందాం:
1. మార్టిన్‌ను మఠంలో నౌకరుగానే ఎందుకు ఉంచారు?
2. మన ఊళ్ళో ఎవరినైనా ఇలా దూరం పెడుతున్నామా?
3. మీ ఇంట్లో చీపురు ఎవరు పడతారు? మగపిల్లలు పట్టకూడదా?