గుండెల్లో మంటకు కారణాలెన్ని?

ఈ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని మన యూనియన్ కార్యదర్శి అడిగితే, అణువు గురించో అంతరిక్షం గురించో రాద్దామనుకున్నాను. కాని పోయిన వానాకాలంలో మా ఇంట్లో జరిగిన సంగతి నా చేత వేరే పుస్తకాలు తిరగేయించింది. అదే రాస్తున్నాను.

మా నాన్న వరి రైతు. ఆకు రంగు మారిందని ఉన్నపళంగా మందు కొట్టే మనిషి కాదు. జింకు లోపమా, టుంగ్రో తెగులా అని మడిలో దిగి చూస్తాడు. దుబ్బు తట్టి పచ్చదీపపు పురుగులు లేస్తున్నాయేమో చూస్తాడు. అలాంటి మనిషి తన ఛాతీలో మంట పుడితే మాత్రం "గ్యాసురా, అదే పోతుంది" అన్నాడు. కాలి పుండుకు రాసిచ్చిన డాక్సీసైక్లిన్ మాత్రలు అప్పటికి మూడు రోజులుగా వేసుకుంటున్నాడు. నాలుగోనాటికి ముద్ద మింగితే ప్రాణం పోతోందన్నాడు. గుండెపోటేమోనని హడలిపోయి ఇ.సి.జి. తీయిస్తే బాగానే ఉంది. గ్యాసు మందుతో వారం గడిచింది. తగ్గకపోగా గంజి తాగడానికి కూడా భయపడసాగాడు. అప్పుడు పట్నం తీసుకెళ్లాం.

అక్కడి డాక్టరుగారు ముందు ఒక ప్రశ్న వేశారు.

"మాత్రలు ఎలా వేసుకుంటున్నారు?"

"రాత్రి మంచమెక్కాక గుర్తొస్తుందండీ. నోట్లో వేసుకుని గుటక వేస్తాను."

"నీళ్లు?"

"ఒక్క మాత్రకి నీళ్లెందుకండీ!"

ఆయన నవ్వలేదు. ఎండోస్కోపీ చేయాలన్నారు.

ఆహారవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ముందు పళ్ల నుంచి కొలిస్తే 15 దగ్గర మొదలై 40 దగ్గర జీర్ణాశయంలో కలుస్తుంది. ఎండోస్కోపీ గొట్టం మీద ఈ అంకెలుంటాయి కాబట్టి పుండు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ చోటే సగం సాక్ష్యం. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నితే కాలేది ముందు కింది కొస. గీతల్లాంటి ఒరుపులు అక్కడి నుంచి పైకి పాకుతాయి. వాటిని ఎ, బి, సి, డి అని నాలుగు దశలుగా లెక్కిస్తారు. చిన్నపాటి 'ఎ' దశ కనబడినంత మాత్రాన ఆమ్లమే దోషి అని ఈనాడు తీర్పు చెప్పరు.

నాన్నకు కింది కొస శుభ్రంగా ఉంది. పుండ్లు నడిమధ్యన, బృహద్ధమని వంపు ఆహారవాహికను ఒత్తే చోట ఉన్నాయి. చుట్టూ చర్మం మామూలుగానే ఉంది. పొడిగా మింగిన మాత్ర అక్కడ ఇరుక్కుని కరుగుతుంది. కరిగిన డాక్సీసైక్లిన్ గట్టి ఆమ్లం. మనిషి పడుకునే ఉంటాడు, లాలాజలమూ నిద్రలో తక్కువ ఊరుతుంది, ఇక కడిగేవారెవరు? ఎముకల బలానికిచ్చే అలెండ్రోనేట్ మాత్రా ఇలాంటిదే.

నన్ను బాగా ఆకర్షించింది మరో జబ్బు. రక్తకణాల బొమ్మలు వేసినప్పుడు ఇయోసినోఫిల్‌కు ఎర్ర పెన్సిలు అరగదీసిన వాళ్లమే మనమందరం. కడుపులో పురుగులుంటే పెరుగుతుందని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ కణం ఆరోగ్యంగా ఉన్న ఆహారవాహిక పొరలో ఉండనే ఉండదు. పాలు, గోధుమ వంటివి పడని కొందరిలో అది అక్కడికి చేరి వాపు తెస్తుంది. దీన్ని ప్రత్యేక వ్యాధిగా 1993-94లో గుర్తించారు. వీళ్లకు మంటకన్నా ముద్ద అడ్డుపడడం ఎక్కువ. లోపల ఉంగరాల్లాంటి మడతలు, నిలువు చాళ్లు కనిపిస్తాయి. ఒక్కోసారి ఏమీ కనిపించదు! అందుకే కనీసం ఆరు చోట్ల ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఒక క్షేత్రంలో 15 లేక అంతకు మించి ఉంటే అనుమానం బలపడుతుంది. ఇక్కడా ఒక చిక్కుంది. ఆమ్లం వల్ల కూడా ఈ కణాలు రావచ్చు. అంకె ఒక్కటే చాలదు, రోగి చెప్పే కథ కూడా కావాలి.

సూక్ష్మజీవులది ఇంకో దారి. మధుమేహం ఉన్నవాళ్లలో, ఉబ్బసానికి స్టెరాయిడ్ పీల్చేవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో కాండిడా అనే శిలీంధ్రం తెల్లని పొరలుగా అతుక్కుంటుంది. నీళ్లు చిమ్మినా పోదు. హెర్పిస్ వైరస్ చిన్న చిన్న పైపై పుండ్లు చేస్తుంది, దాన్ని పట్టాలంటే పుండు అంచు నుంచి ముక్క తీయాలి. సైటోమెగలో వైరస్ పుండు పెద్దది, లోతైనది. దానికి అడుగు నుంచి తీయాలి. తీసే చోటు తప్పితే దొంగ దొరకడు. యాసిడ్‌లాంటిది తాగినవాళ్ల సంగతి వేరు, అక్కడ కారణం ముందే తెలుసు.

నాన్నకు ఆ మాత్ర ఆపి వేరే మందిచ్చారు, పుండు మానేదాకా ఆమ్లం తగ్గించే మందూ ఇచ్చారు. పది రోజుల్లో మళ్లీ ఆవకాయ అడిగాడు. ఇప్పుడు ఏ మాత్ర వేసుకోవాలన్నా చెంబెడు నీళ్లు పెట్టుకుని, నిటారుగా కూర్చుని, అమ్మను సాక్ష్యానికి పిలుస్తున్నాడు. వేసుకున్నాక అరగంట దాకా మంచమెక్కడు. ఆ అరగంటా మా అందరికీ కాలి పుండు కథ మొదటి నుంచీ వినిపిస్తాడు.